అయిదు చిల్లు కాణీలు పట్టుకుని తిరువూరుకి

సోమవారం సాయంత్రం బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే తిరువూరు నుంచి మస్తానమ్మ పిన్ని ఫోను చేసింది. మూడేళ్ళ కిందట బదిలీ మీద విజయవాడ వచ్చేసేదాకా తొమ్మిదేళ్ళు వాళ్ళింటి పక్క వాటాలోనే అద్దెకున్నాను. దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు వాళ్ళది. "టీచరమ్మా, మా కరీమాకి ఆడపిల్ల పుట్టింది. చెప్పలేదని తిట్టుకోకు, దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు" అంది. కరీమా ఆమె కోడలు, కొడుకు సైదులు భార్య. నేను అక్కడ ఉండగానే ఆ పిల్లకి రెండుసార్లు కడుపు నిలవలేదు. వినగానే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషంలో ఉండగానే పిన్ని అసలు మాట చెప్పింది. "శుక్రవారానికి నలభై రోజులు. పిల్లకి స్నానం చేయించి మొలతాడు కడతాం. అప్పుడు నీకిచ్చాను చూడు, మా చిల్లు కాణీ, అది పట్టుకుని రా. మా ఆయనకి కట్టారు, మా సైదులుకి కట్టాం. ఇప్పుడు దీనికి కట్టాలి." "అయ్యో, తప్పకుండా తెస్తాను పిన్నీ" అన్నాను. ఫోను పెట్టేసి నా నాణేల ఆల్బం తెరిచాను. చిల్లు కాణీలు అయిదున్నాయి. వాటిలో మస్తానమ్మ పిన్నిది ఏదో నాకు తెలియదు.

నా బ్లాగు చదివేవాళ్ళకి నా చిల్లర పిచ్చి తెలుసు, కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పాలి. నేను లెక్కల టీచర్ని. తిరువూరులో చేరిన ఏడాది ఆరో తరగతికి దశాంశాలు చెప్తూ రూపాయికి నూరు పైసలు అన్నాను. "పైసా ఎలా ఉంటుంది టీచర్?" అని ఒక పిల్ల లేచి అడిగింది. క్లాసు మొత్తంలో ఒక్కరంటే ఒక్కరు చూసిన పాపాన పోలేదు. మా అమ్మ కుట్టుమిషను సొరుగులోంచి నలుచదరపు అయిదు పైసలు, ఆరు పలకల మూడు పైసలు, పూల అంచు పది పైసలు ఏరి పట్టుకెళ్ళి చూపించాను. అంతే, ఆ వారంలోనే పిల్లలు ఇళ్ళల్లోంచి తేవడం మొదలెట్టారు. గంపలగూడెం నుంచి, రెడ్డిగూడెం నుంచి, నెమలి నుంచి వచ్చే పిల్లలు జామెట్రీ బాక్సుల్లో పెట్టుకుని తెచ్చేవారు. తామరపువ్వు ఉన్న ఇత్తడి ఇరవై పైసలు తెచ్చిన రోజైతే క్లాసులో పండగే. వెండి రూపాయల జోలికి నేను పోను, అంత తాహతూ లేదు, మోజూ లేదు. రూపాయి లోపువే దాస్తాను. పన్నెండేళ్ళలో మూడువందలకి పైగా పోగయ్యాయి.

చిల్లు కాణీ అంటే తెల్లవాళ్ళ పాలన ఆఖరి రోజుల్లో వచ్చిన రాగిరంగు నాణెం. అప్పటి రూపాయికి అరవై నాలుగు. నడుమ వేలు దూరేంత చిల్లు ఉంటుంది. దారం ఎక్కించడానికి వీలుగా ఉంటుందని మన వైపు చాలా ఇళ్ళల్లో పిల్లల మొలతాడుకి కట్టేవారు, అందుకే ఖర్చయిపోకుండా మిగిలింది. హిందువుల ఇళ్ళల్లో, తురకల ఇళ్ళల్లో, మా క్రిస్టియన్ల ఇళ్ళల్లో కూడా పాస్టరుగారికి కనపడకుండా కట్టేవారు. మస్తానమ్మ పిన్ని నాకు అది ఇచ్చిన రోజు బాగా గుర్తుంది. కరీమా రెండోసారి ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చిన వారం. బియ్యం డబ్బా అడుగు నుంచి చిన్న రేకు డబ్బా తీసి, నల్లబడిన దారంతో సహా నా చేతిలో పెట్టి, "ఇంక మా ఇంట్లో ఎవరికి కడతాం టీచరమ్మా, నువ్వన్నా దాచుకో" అంది. అలాంటి సమయంలో తీసుకోవచ్చా అని నాకు తట్టలేదు. థాంక్స్ చెప్పి తీసుకున్నాను. సేకరించేవాళ్ళకి సిగ్గు తక్కువ, నాకు ఇంకా తక్కువ.

ఇక నేను చేసిన ఘనకార్యం. ప్రతి నాణేనికీ ఒక కాగితం పొట్లం, దాని మీద ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఇదీ నా పద్ధతి. రెండేళ్ళ కిందట ఇక్కడి బడిలో ఎగ్జిబిషన్ పెట్టారు. నల్లగా మసిపట్టి ఉన్నాయి, పిల్లలకి ఏం కనపడతాయిలే అని, నా బుద్ధి గడ్డి తిని, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక రాగివీ ఇత్తడివీ అన్నీ పొట్లాల్లోంచి తీసి ఒకే బేసిన్‌లో చింతపండు పులుసులో నానబెట్టాను. చిల్లు కాణీల దారాలు తడిస్తే కంపు కొడతాయని కత్తెరతో కత్తిరించి పారేశాను. తోమితే తళతళలాడాయి. సంవత్సరాల వరసలో ఆల్బంలో పెట్టి, ఖాళీ పొట్లాలు చెత్తబుట్టలో వేశాను. పాత నాణేలు కడిగితే విలువ పోతుందని తర్వాత నాణేలు సేకరించే ఒక పెద్దాయన తలంటారు. అప్పుడు ఆ విలువ గురించే ఏడ్చాను. ఏది ఎవరింటిదో ఆనవాలు కూడా పులుసులోనే పోయిందని ఈ సోమవారం దాకా బుర్రకి ఎక్కలేదు.

అయిదింట్లో ఒకటి మాత్రం పోయిన ఏడాది విజయవాడలో డబ్బిచ్చి కొన్నది, దాని మీద ఉన్న సంవత్సరం నా దగ్గర అంతకుముందు లేదు. అందుకని అది పిన్నిది కాదని ఖాయం. మిగిలిన నాలుగూ నాలుగిళ్ళ నుంచి వచ్చాయి. మా ఆయన కాఫీ తాగుతూ వాటిని ఒకసారి చూసి, "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఏదో ఒకటి ఇచ్చెయ్. ఆవిడకేం తెలుస్తుంది?" అన్నాడు. "తెలియకపోతే మాత్రం?" అని గయ్యిమన్నాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ మాట నాలుగు రోజులు నన్ను వదల్లేదు. ఇచ్చేస్తే గొడవ లేదు. అందరూ సంతోషిస్తారు. కానీ రేపు ఆ పసిదానికి కాస్త జ్వరం వచ్చినా నా ప్రాణం నిలవదు. తాయెత్తులూ కట్లూ నమ్మే మనిషిని కాను నేను. అయినా గురువారం రాత్రి ప్రార్థనలో, ప్రభువా ఏది వాళ్ళదో చూపించు అని అడిగాను. పైనున్న పెద్దాయన ఏమనుకున్నాడో ఏమో, ఏమీ చూపించలేదు.

శుక్రవారం సెలవు పెట్టి, ఆ షీటు అయిదు కాణీలతో అలాగే ఆల్బంలోంచి ఊడబీకి హ్యాండుబ్యాగులో పెట్టుకుని, ఉదయం ఆరింటికల్లా విజయవాడ బస్టాండుకి చేరాను. తిరువూరు బస్సులు దాదాపు అరగంటకొకటి ఉంటాయి. ఆరున్నర ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్ళకి ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు, మగవాళ్ళకి నూరు పైచిలుకు. డెబ్బై అయిదు కిలోమీటర్లు, దారి ఇబ్రహీంపట్నం, కొండపల్లి, మైలవరం, ఎ.కొండూరు మీదుగా. రెండుంపావు గంటల ప్రయాణం అనుకోండి. కిటికీ పక్క సీటు కావాలంటే ఎడమవైపు కూర్చోండి, ఉదయం పూట ఎండ తగలదు. నాకు ఎండా పట్టలేదు, కిటికీ పట్టలేదు. కొండపల్లి దాటకముందే షీటు తీసి ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క కాణీనీ బొటనవేలితో రుద్ది చూడటం మొదలెట్టాను, ఏదన్నా గుర్తొస్తుందేమోనని.

టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరు ఆగి వంగి చూశాడు. "ఏంటి మేడమ్ అవి, వాషర్లా?"

"కాదండీ, చిల్లు కాణీలు. పాతకాలం డబ్బులు."

"ఓ, అవా! మా నాయనమ్మ నాకు ఎలుగ్గొడ్డు వెంట్రుకతో కలిపి కట్టిందంట. మా చెల్లి పుట్టినప్పుడు వెతికితే కనపడలేదు. ఎవరికిచ్చావో చెప్పమని మా అమ్మ ఇప్పటికీ నా మీద పడుతుంది. ఏడాది పిల్లాణ్ణి, నేనెవరికిస్తానండీ?" అని నవ్వి ముందుకెళ్ళాడు. నాకు నవ్వు రాలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఒక తల్లి దాన్ని మర్చిపోలేదన్న మాటే చెవుల్లో మోగింది. షీటు మడిచి బ్యాగులో పెట్టి జిప్పు వేశాను, మళ్ళీ తీసి అయిదూ ఉన్నాయో లేవో చూశాను. మైలవరంలో బస్సు పది నిమిషాలు ఆగితే దిగి పది రూపాయల టీ తాగాను. అక్కడి టీ బాగుంటుందని ఇదివరకు నేనే రాశాను, ఆ రోజు మాత్రం వేడి నీళ్ళు తాగినట్టుంది. మైలవరం దాటాక మామిడి తోటలు, ఎ.కొండూరు దాటాక తెల్లగా పగిలిన పత్తి చేలు, ఆడవాళ్ళు నడుముకి సంచులు కట్టుకుని పత్తి తీస్తున్నారు. ఎప్పుడొచ్చినా ఫోటోలు తీసేదాన్ని. ఆ రోజు ఒక్కటీ తీయలేదు, అందుకే ఈ పోస్టులో ఫోటోలు లేవు, క్షమించండి.

తొమ్మిదికి పావు తక్కువకి తిరువూరు బస్టాండులో దిగాను. పిన్ని పదకొండు లోపు రమ్మంది, మగవాళ్ళు జుమ్మా నమాజుకి వెళ్ళేలోపు కట్టేయాలట. రెండు గంటలు చేతిలో ఉన్నాయి. కాళ్ళు వాళ్ళింటి వైపు సాగనంటున్నాయి. బజారులో ఇడ్లీ తినబోయి ఒకటి తిని లేచాను. టిఫిన్ బండి ఆయన, "ఏమ్మా, చట్నీ బాగోలేదా?" అని అడిగాడు. "చట్నీ బాగానే ఉందండీ, నేనే బాగోలేను" అని ముప్ఫై ఇచ్చి నడిచాను. అప్పుడే షట్టరు పైకెత్తుతున్న ఒక కంసాలిగారి కొట్టు కనపడింది. పాతకాలం నాటి చిన్న కొట్టు, పెద్దాయన. ఏం తట్టిందో మెట్టెక్కాను.

"ఆచారిగారూ, బంగారం పని కాదండీ. వీటిలో ఏది పిల్లల మొలతాడుకి కట్టిందో చెప్పగలరా?"

ఆయన నన్నొక చూపు చూసి, కాణీలు అద్దం బల్ల మీద పోయించుకుని, కంటికి భూతద్దం బిగించుకున్నారు. మొదటిది చూడగానే, "చింతపండుతో తోమారా?" అన్నారు. అవునన్నాను. "ఎవరు చెప్పారమ్మా మీకు?" అన్నారు. ఎవరూ చెప్పలేదు, నా సొంత తెలివే అన్నాను. ఆయన ఒక్కొక్కటీ వెలుగుకి తిప్పి తిప్పి చూసి, రెండింటిని పక్కకి జరిపారు. "ఈ రెండూ దారానికి వేలాడినవి. చిల్లు అంచు ఒకే పక్క అరిగింది, వేలు పెట్టి చూడండి. మిగతా మూడింటికీ అంచు నిక్కచ్చిగా ఉంది, సంచుల్లో మూలుగుతూ ఉండి ఉంటాయి." వేలు పెట్టి చూస్తే నిజమే, నున్నటి చిన్న గుంట తగిలింది. "ఈ రెండింట్లో తిరువూరు వాళ్ళది ఏదండీ?" అని అడిగేశాను, ఆశ అలాంటిది. ఆయన భూతద్దం తీసి, "ఊరి పేరు నాణెం మీద ఉండదు కదమ్మా. కట్టినవాళ్ళనే అడగండి" అన్నారు. యాభై ఇవ్వబోతే చూసినందుకు డబ్బులేంటని వెనక్కి నెట్టి, అయిదూ కలిపి ఒకే కాగితంలో చుట్టి ఇచ్చారు.

అయిదు కాస్తా రెండయ్యాయి కదా అని మనసు కుదుటపడాలి. పడలేదు, ఇంకా పెరిగింది. ఎందుకంటే ఆ రెండోది ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది. రెండు జడల పిల్ల ఒకతి, "మా నాయనమ్మ ఇచ్చింది టీచర్, మా తమ్ముడిది" అని దారంతో సహా తెచ్చింది. నేను బదులుగా ఒక నీలం ఇంకు పెన్ను ఇచ్చాను. పిల్ల మొహం కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది, పేరు రావట్లేదు. ఊరు నెమలా? గంపలగూడెమా? పొట్లం మీద రాసే ఉంచాను, ఆ పొట్లం ఏ చెత్తకుప్పలో ఉందో! అప్పటిదాకా మస్తానమ్మ పిన్నికి ఏం చెప్పాలా అనే నా గోల. ఆ కొట్టు మెట్ల మీద నుంచున్నాక ఇంకొక ఇంటి గురించి కూడా భయం పట్టుకుంది.

షేర్ ఆటో ఇరవై రూపాయలు. "పరుపుల మస్తానమ్మగారింటి దగ్గర ఆపండి" అంటే చాలు, అందరికీ తెలుసు. పది దాటింది నేను దిగేసరికి. వీధిలోకే పలావు వాసన, సాంబ్రాణి పొగ వస్తున్నాయి. ముందు వసారాలో దూది ఏకే మిషను ఆపేసి దాని మీద దుప్పటి కప్పారు. లోపల చాప మీద అయిదారుగురు ఆడవాళ్ళు, మధ్యలో కరీమా, ఒళ్ళో పిల్ల. అప్పుడే స్నానం చేయించినట్టున్నారు, నెత్తిన సన్నటి జుట్టు తడిగా అంటుకుని ఉంది. ఇంత చిన్న గుప్పిట్లు. చూడగానే నా భయమంతా మర్చిపోయి ఒక్క నిమిషం అలాగే నుంచున్నాను.

"వచ్చావా టీచరమ్మా! రావేమో అనుకున్నా" అంటూ మస్తానమ్మ పిన్ని మోకాళ్ళ మీద చేతులేసుకుని లేచింది. మూడేళ్ళలో బాగా తగ్గిపోయింది, కళ్ళద్దాలు మాత్రం దళసరి అయ్యాయి. కుశలప్రశ్నల్లేవు, చెయ్యి చాపింది. "ఏదీ?"

"పిన్నీ, ఒక మాట చెప్పాలి..." అంటూ కాగితం బయటికి తీశానో లేదో, ఆమె అందుకుని విప్పేసింది. అయిదూ చూసి ఆశ్చర్యపోయి, ఆ వెంటనే పకపకా నవ్వింది. "చూశారటే, నాకు పరీక్ష పెడుతోంది! లెక్కల టీచరు బుద్ధి పోనిచ్చుకుంది కాదు. మా ఇంటి కాణీని నేను గుర్తుపట్టలేననా?" అందరూ నవ్వారు. నేను నోరు తెరిచేలోపు ఒక్కొక్కటీ అరచేతిలో తిప్పి, కళ్ళద్దాలు పైకెత్తి, ఒకటి పైకి తీసింది. "ఇదే. కళ్ళు మూసుకున్నా చెప్తాను."

అది నేను పోయిన ఏడాది విజయవాడలో కొన్నది.

కరీమా దాన్ని అందుకుని కళ్ళకద్దుకుంది. "మీరు దాచబట్టి ఉంది టీచరమ్మా. ఆ రోజుల్లో నా చేతికి దొరికితే కాలవలో పారేసేదాన్ని" అంది. పక్కావిడ షాపు నుంచి తెచ్చిన నల్లదారం చిల్లులోకి ఎక్కించబోతోంది. ఆవిడకేం తెలుస్తుంది అన్న మా ఆయన మాట ఎంత బాగా నిజమయిందో చూడండి! నోరు మూసుకుంటే చాలు. పిన్ని పంతం నెగ్గింది, కోడలు కళ్ళు తుడుచుకుంది, పలావు రెడీగా ఉంది. ఇప్పుడు చెప్తే ఇంతమంది మధ్య పెద్దావిడ పరువు తీసినట్టే. చెప్పకపోతే ఆ పిల్ల నడుముకి సంతలో కొన్న బిళ్ళ వేలాడుతుంది, వాళ్ళ తాతది నా ఆల్బంలో ఉంటుంది, అది నాకొక్కదానికే తెలుస్తుంది. దారం కొస చిల్లులో దూరింది. "ఆగండి" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది, అందరూ నావైపు చూశారు. "పిన్నీ, ఒక్కసారి లోపలికి రండి."

లోపలి గదిలో కప్పు దాకా దూది మూటలు. తలుపు దగ్గరికి వేసి గడగడా చెప్పేశాను. ఆమె తీసింది కొన్న కాణీ అని, కడిగానని, కలిసిపోయాయని, రెండింటిలో ఒకటి మాత్రం తప్పకుండా వాళ్ళదేనని, రెండోది ఒక బడిపిల్ల తమ్ముడిదని. నవ్వు పోయిన మొహంతో వింది. కోప్పడుతుందని కాచుకుని ఉన్నాను.

"కాణీకి దారం ఉండాలే?" అంది.

"కత్తిరించేశాను పిన్నీ."

"ఉందా?"

"పారేశాను. తడిస్తే వాసనొస్తుందని..."

పిన్ని దూది మూటకి ఆనుకుంది. "అది మా ఆయన పేనిన దారం టీచరమ్మా. సైదులు పుట్టినప్పుడు, కొన్న దారం వద్దని, తను ఏకిన పత్తితోనే తొడ మీద పేని కట్టాడు. ఆయన చేతిది ఈ ఇంట్లో ఇంకేమీ లేదు. కాణీలంటే ఎక్కడైనా దొరుకుతాయి." నేను ఆ ఇంటి పక్కకి వచ్చేనాటికే ఆయన పోయి చాలాకాలమైంది. నాకు ఆయన మొహం కూడా తెలియదు. నాణెం నాణెం అని పట్టుకుని ఊగులాడాను, ఏది పిన్నిదో అని నాలుగు రోజులు నిద్రపోలేదు, అసలుది రెండేళ్ళ కిందటే నా చేత్తో చెత్తబుట్టలో పడేశాను. ఏడుపొచ్చేసింది. "ఊరుకో, ఊరుకో. పసిదాని నలభయ్యో రోజు ఏడవకూడదు" అంది. ఓదార్చినట్టు లేదు, గదమాయించినట్టే ఉంది. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని తలుపు తీసింది.

బయటికి వెళ్ళి నుంచుని, "ఒసేయ్, ఆ దారం తీసెయ్యండే. నేను తప్పు తీశాను. కళ్ళు మందగించాయి కదా నాకు. టీచరమ్మ చూసి చెప్పబట్టి సరిపోయింది" అంది అందరికీ వినపడేలా. కళ్ళు మూసుకుని చెప్తానన్న మనిషి! ఎవరో నవ్వారు, "పరీక్షలో ఫెయిలయ్యావా అత్తా" అని వెక్కిరించారు. "అయ్యానే" అంది. నా పేరు ఎత్తలేదు, చింతపండు ఊసు ఎత్తలేదు. నేను గుమ్మంలో తలొంచుకుని నుంచున్నాను. దీనికన్నా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

రెండు అరిగిన కాణీలూ కరీమా ముందు పెట్టి, వీటిలో మనది ఏదో తేలట్లేదని చెప్పింది పిన్ని. కరీమా రెండింటినీ వేళ్ళతో తడిమింది. "రెండూ కట్టేద్దాం అత్తయ్యా. రెండోది కూడా ఎవరో తల్లి తన బిడ్డకి కట్టినదే కదా." "కడదాం. కానీ అది ఇంకొకళ్ళ పిల్లాడిది. వాళ్ళింట్లో పురుడొస్తే?" అని పిన్ని నావైపు తిరిగింది. "ఎవరిదో కనుక్కో టీచరమ్మా. మా దగ్గర ఉందని చెప్పు. అడిగిన రోజు ఇస్తాం. చెప్పకుండా ఉంచుకోవడం నాకు ఇష్టం ఉండదు." సరేనన్నాను. ఆ మాట సూదిలా దిగింది, దిగాల్సిందే.

నల్లదారం పక్కన పెట్టేసి, మూటలోంచి గుప్పెడు దూది తెమ్మని నాకే చెప్పింది. తెచ్చాను. గోడకి చేరబడి చీర మోకాలి పైకి జరుపుకుని, దూదిని సన్నగా లాగి తొడ మీద అరచేత్తో రుద్దుతూ పేనడం మొదలెట్టింది. "కొస పట్టుకో. లాగకు, వదలకు" అంది. నేను చాప మీద కూర్చుని ఆ కొస రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాను. మొదట్లో రెండుసార్లు తెగింది. "ఆయనకి తెగేది కాదు" అంది తనలో తను. మూడోసారి నిలిచింది. నల్లగా ఉండాలి కదా అని ఎవరో అంటే, "తెల్లగానే ఉండనీ, అదే నల్లబడుతుంది" అంది. జానెడు, మూరెడు, నా చేతి నుంచి ఆమె చేతి దాకా దారం సాగింది. పిల్ల నడుము ఎంతుంటుందని! రెండు కాణీలు ఎక్కించి ముడేస్తుంటే పసిది ఒక్కసారి కుయ్‌మని మళ్ళీ నిద్రపోయింది.

పలావు తిన్నాను, రెండోసారి వడ్డిస్తే కాదనలేదు. పిన్ని మామూలుగానే మాట్లాడింది, మా ఆయన బాగున్నాడా, బడి దగ్గరేనా అని. మామూలుగా అనడం సరికాదు, పలకరింపుల మధ్య ఒకట్రెండుసార్లు నా చేతులవైపు చూసి ఊరుకుంది. క్షమించిందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మూడున్నర బస్సుకి వచ్చేస్తుంటే వీధి చివరిదాకా కరీమా వచ్చింది. "అత్తయ్య దారం పేని నేనెప్పుడూ చూడలేదండీ" అంది. బస్సెక్కేముందు మా పాత బడికి వెళ్ళి, ఆ ఏళ్ళ ఆరో తరగతి హాజరు పట్టీలు చూడనిస్తారా అని హెడ్‌మాస్టరుగారిని అడిగాను. వచ్చే వారం రమ్మన్నారు. మొత్తం ఖర్చు, ఆటోలు, టిఫిను, టీ, పిల్లకి కొన్న గౌనుతో కలిపి అయిదువందలు దాటలేదు.

ఇంటికొచ్చి ఆల్బం ముందేసుకుని కూర్చున్నాను. చిల్లు కాణీల పేజీలో రెండు గళ్ళు ఖాళీ. ఆ ఖాళీ నన్ను బాధించలేదు, నిండి ఉన్న గళ్ళే భయపెట్టాయి. ఈ రెండు పైసల బిళ్ళ ఎవరు ఇచ్చారు? ఈ ఇత్తడి ఇరవై పైసల అంచున గీత ఎందుకుంది, ఎవరన్నా ఉంగరం చేయించుకోబోయి ఆగిపోయారా? పన్నెండేళ్ళుగా ప్రతిదాన్నీ ఏ సంవత్సరం, ఏ లోహం అని చూశాను. మూడువందల పైచిలుకులో ఫలానా ఇంటిదని నేను ఖాయంగా చెప్పగలిగినవి నలభై కూడా లేవు. వాళ్ళలో ఎవరి ఫోను ఎప్పుడొస్తుందో అని ఫోను మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడుతున్నాను.

తిరువూరు వైపు గానీ, ఇంకెక్కడికైనా గానీ, పాత చిల్లర కోసం ఇళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. నాణెం దేంతో కలిపి ఇస్తే దాంతోనే ఉంచండి, దారం కానివ్వండి, గుడ్డపీలిక కానివ్వండి, అగ్గిపెట్టె కానివ్వండి. తీసుకునేముందే, ఇది ఎవరు కట్టారని అడిగి రాసుకోండి. రెండు నిమిషాల పని. తొమ్మిదేళ్ళు పక్క వాటాలో ఉండి, నేను ఒక్కసారీ అడగలేదు.